ఎవరో వేసిన రంగు

డెట్టాల్ వాసన వస్తే ఒకప్పుడు చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డ మోకాళ్ళు గుర్తొచ్చేవి. ఇప్పుడు గాబ్లిన్లు గుర్తొస్తున్నాయి. పాత సీసం బొమ్మల మీద రంగు వదలగొట్టడానికి ఇంగ్లండులో ఈ పిచ్చి ఉన్న చాలామంది వాడేది మనింట్లో ఉండే ఆ డెట్టాలే. సీసాలో బొమ్మ మునిగేదాకా పోసి ఒక రాత్రి వదిలేస్తే, పొద్దున్నకి రంగు మెత్తబడి పాత టూత్‌బ్రష్‌కి ఊడొచ్చేస్తుంది. ఒకటే జాగ్రత్త: బ్రష్ చేసేటప్పుడు కూడా డెట్టాల్‌తోనే కడగాలి. తొందరపడి నీళ్ళ కింద పెడితే ఊడిన రంగంతా జీడిలా అయి మళ్ళీ బొమ్మకే అంటుకుంటుంది. మొదటిసారి నేను పెట్టాను. అది వేరే కథ.

ఈ బొమ్మల గురించి తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. 1979లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్‌లో, న్యూవార్క్ అనే ఊళ్ళో సిటడెల్ మినియేచర్స్ మొదలైంది. 1983లో వార్‌హామర్ అనే యుద్ధపు ఆట వచ్చాక బల్ల మీద సైన్యాలు నిలబెట్టడానికి ఈ బొమ్మలు కావాల్సొచ్చాయి. వేలెడంత కూడా ఉండవు, బొటనవేలంత. మరుగుజ్జులు, రాక్షసులు, చేట చెవుల గాబ్లిన్లు. కెవ్ ఆడమ్స్ అనే శిల్పి చేసిన గాబ్లిన్ల మొహాలు చూస్తే ఒక్కొక్కటీ ఒక్కో రకం వెధవాయిలా ఉంటుంది. ఆ వెకిలి నవ్వులకే నేను పడిపోయాను.

బొమ్మ రంగు లేకుండా వస్తుంది. కొన్నవాడే వేసుకోవాలి. అంతటితో ఆగక్కర్లేదు కూడా. సీసం మెత్తన, చెయ్యి వంచితే వంగుతుంది. సన్న రంపంతో తల కోసి, చేతి డ్రిల్లుతో చిల్లు పెట్టి, తీగముక్క గుచ్చి, ఇంకో బొమ్మ తలని సూపర్ గ్లూతో అతికించి, సందుల్ని ఎపాక్సీ పుట్టీతో పూడ్చొచ్చు. దీన్ని కన్వర్షన్ అంటారు. జాన్ బ్లాంష్ అనే చిత్రకారుడు వైట్ డ్వార్ఫ్ పత్రికలో ఇలా ముక్కలు కలిపి చేసిన బొమ్మల్ని చూసి ఒక తరం పిల్లలు ఇంట్లో రంపాలు పట్టుకున్నారు. అంటే, కొన్న బొమ్మని ఉన్నదున్నట్టు ఉంచడం ఈ ఆటలో ఎన్నడూ మర్యాద కాదు.

ఇక నా సంగతి. ఉద్యోగం పని మీద డెర్బీలో ఉన్న రోజుల్లో, ఒక ఆదివారం కార్ బూట్ సేల్‌లో (ఊరి మైదానంలో కార్ల డిక్కీలు తెరిచి పాత సామాన్లు అమ్ముకునే సంత) ఐస్‌క్రీమ్ డబ్బాలో పద్నాలుగు గాబ్లిన్లు దొరికాయి. పన్నెండు పౌండ్లు. రంగులు ఘోరం. ముద్దముద్దగా ఎనామిల్, వివరాలన్నీ పూడిపోయి, కళ్ళ స్థానంలో రెండు తెల్ల బొట్లు. ఇంటికి తెచ్చి, కింద ఉండే నల్లటి ప్లాస్టిక్ దిమ్మెలు పీకి చెత్తబుట్టలో వేసి, బొమ్మల్ని డెట్టాల్‌లో పడేశాను. పదమూడు పడ్డాయి. పద్నాలుగోదాని దిమ్మె రాలేదు, జిగురు గట్టిది. కత్తి దూర్చడానికి తిరగేసి చూస్తే అడుగున బాల్‌పెన్‌తో ఒక పిల్లవాడి పేరు, పక్కన 11 అని, దాని కింద 1986.

పేరు ఇక్కడ రాయను. ఎక్కడో ఉండే ఉంటాడు, యాభై దాటుతూ.

చెత్తబుట్ట దగ్గరికి పరిగెత్తాను. అది అంతకుముందు రోజే మున్సిపాలిటీ బండి ఎత్తుకుపోయిందని ఖాళీ బుట్ట చూశాక గుర్తొచ్చింది. మిగతా పదమూడు దిమ్మెల కింద ఏముందో నేను చూడలేదు. ఏమీ లేకపోవచ్చు. పదమూడు పేర్లు ఉండొచ్చు, గాబ్లిన్ల పేర్లు, ఆ వయసులో నేనైతే పెట్టేవాడిని.

డబ్బిచ్చి కొన్నాను, నావి, నా ఇష్టం అనుకోవచ్చు. అది చట్టానికి సరిపోయే జవాబు. నన్ను ఇబ్బంది పెట్టింది వేరే. ఈ బొమ్మ ఎలా తయారవుతుందో చూడండి. శిల్పి పుట్టీతో మొదటి బొమ్మ చేస్తాడు. దాన్ని రబ్బరు పలకల మధ్య పెట్టి వేడితో, ఒత్తిడితో అచ్చు తీస్తారు. ఆ క్రమంలో పుట్టీ బొమ్మ తరచూ పగిలిపోతుంది. ఆ అచ్చులో పోసిన లోహపు బొమ్మలతో మళ్ళీ అచ్చులు, వాటిని గిర్రున తిప్పుతూ కరిగిన లోహం పోసి వేల నకళ్ళు. అంటే నా చేతిలో ఉన్నది నకలుకి నకలు. ఇలాంటివి ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి. కానీ 1986లో పదకొండేళ్ళ వాడు వేసిన ఆకుపచ్చ ఒక్కటే ఉంది. బజారులో లెక్క మాత్రం తిరగబడి ఉంటుంది. రంగు లేని ఉత్త లోహం అయితే మంచి ధర, పిల్లాడి రంగు ఉంటే ధర తగ్గుతుంది. వేలల్లో ఉన్నది అపురూపం, ఒక్కటే ఉన్నది మురికి. నేను కూడా అలాగే చూశాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

నాలో ఇంకో జబ్బు కూడా ఉంది, వృత్తిది. గిట్‌లో ఏది తీసేసినా చరిత్రలో ఉంటుంది. పదేళ్ళుగా ఎవరెవరి కోడో మొహమాటం లేకుండా చెరిపేస్తున్నాను, కావాలంటే ఎవరైనా వెనక్కి వెళ్ళి తెచ్చుకుంటారు. ఆ ధైర్యం చేతికి అలవాటైపోయింది. డెట్టాల్ సీసాకి ఆ వెసులుబాటు లేదు.

అయితే మా అమ్మ ఈ గోలంతా వింటే నవ్వుతుంది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేముందు, రంగు వెలిసిన కొండపల్లి బొమ్మలకి తనే ఎనామిల్ పూసేది. దశావతారాల సెట్టులో పరశురాముడికి మా మామయ్య వేసిన మీసం మీద అమ్మ ఇంకో మీసం దిద్దింది. ఎవరూ బాధపడలేదు. మామయ్య మీసం పోయిందని అనుకోలేదు, పరశురాముడు కొత్తగా ఉన్నాడనుకున్నాం. ఆ పిల్లాడు కూడా పదిహేనేళ్ళు వచ్చాక తన పాత పనిని చూసి సిగ్గుపడి, తనే టర్పెంటైన్‌లో వేసి ఉండేవాడేమో. నా పదకొండేళ్ళప్పటి కవితల్ని ఎవరైనా భద్రపరిచారని తెలిస్తే నేను సంతోషించను, బతిమాలుకుంటాను.

కానీ అమ్మకి ఆ మీసం ఎవరిదో తెలుసు. తెలిసి దిద్దింది. తేడా అక్కడుందని కొన్నాళ్ళు అనుకున్నాను: చెరపడం తప్పు కాదు, చూడకుండా చెరపడం తప్పు. ఈ సమాధానం కూడా నిలబడటం లేదు. పద్నాలుగింటినీ తిరగేసి, పేర్లన్నీ చదివి, ఆ తర్వాత సీసాలో వేసి ఉంటే? నిజం చెప్పాలంటే పదింటినైనా వేసేవాడిని. కెవ్ ఆడమ్స్ చేసిన ఆ నవ్వు ముద్ద రంగు కింద పూడిపోయి ఉంది, దాన్ని బయటికి తియ్యాలనే కోరిక తక్కువదేమీ కాదు. అక్కడ కూడా ఒక మనిషి చేతిపని ఉంది. ఒకరిది చూడాలంటే ఇంకొకరిది పోవాలి. పదమూడు బొమ్మలూ ఇప్పుడు నా అలమరలో ఉన్నాయి, పలుచటి పూతలతో, ముడతలు, పళ్ళు అన్నీ కనిపిస్తూ. బాగున్నాయి. రెండింటికి తలలు కూడా మార్చాను. వాటిని చూస్తే గర్వంగానే ఉంటుంది, అదే నన్ను తికమక పెడుతుంది.

పోనీ ఏమీ ముట్టుకోకుండా ఉంచితే సరా అంటే, సీసం అలా ఉండనివ్వదు. ఓక్ చెక్క బీరువాలో అందంగా సర్ది మూసేస్తే, ఆ చెక్క వదిలే ఆమ్లపు ఆవిరికి సీసం మీద తెల్లటి పొడి లేస్తుంది. ఏళ్ళ తరబడి వదిలేస్తే బొమ్మ లోపలినుంచి తినేసినట్టు పొడైపోతుంది. మంచి బీరువా కొని దాచుకున్నవాళ్ళకే ఈ గతి పట్టడం అన్యాయం. పైన రంగు పూత ఉంటే కాస్త కాపు. ఆ పిల్లాడి ముద్ద ఎనామిల్ అంత మందంగా ఉంది కాబట్టే ఆ పద్నాలుగోది ముప్పై ఏళ్ళకి పైగా నిక్షేపంగా ఉందని నా అనుమానం.

దాని చేతిలో ఈటె ఎప్పుడో విరిగిపోయింది. ఆ అబ్బాయి అక్కడ ఒక గుండుసూది గుచ్చాడు, గుండు పైకి ఉండేలా, గుండుకి ఎర్ర రంగు వేసి. మొన పైకి పెట్టడం చేతకాక అలా పెట్టాడో, ఈటె పోతేనేం గద చేద్దామనుకున్నాడో తెలీదు. ఏదైనా అదొక కన్వర్షన్, నా రెండు తలలకంటే ముందుది.

మొన్న ఇల్లు మారేటప్పుడు ఆ సూది ఊడింది. చేతిలోకి తీసుకోగానే నా చెయ్యి అలవాటుగా డ్రిల్లు వెతికింది. చిల్లు కాస్త లోతుగా, నిటారుగా చేసి, సూది తీసేసి ఇత్తడి తీగ పెడితే జన్మలో ఊడదు. తీగ కోసేశాను కూడా. తర్వాత దాన్ని డబ్బాలో వేసి, పాత సూదినే పాత చిల్లులో, ముందున్నట్టే ఎడమకి ఒరిగేలా పట్టుకుని ఒక్క చుక్క సూపర్ గ్లూ వేశాను. ఆరాక చేతి చుట్టూ పొగచూరినట్టు తెల్లటి మచ్చ పడింది. ఆ మచ్చ మీద కాస్త ఆకుపచ్చ వేద్దామా వద్దా అని ఇంకా చూస్తున్నాను.