ఉద్వాసన చెప్పాక చెంబు సంగతేంటి?

వరలక్ష్మీ వ్రతం మర్నాడు అమ్మవారికి ఉద్వాసన చెప్పి కలశాన్ని కాస్త కదిలిస్తాం కదా. బియ్యం, కొబ్బరికాయ వంటింట్లోకి వెళ్లిపోతాయి. మిగిలేది ఖాళీ చెంబు. ఇప్పుడది పూజించాల్సిన వస్తువా, మామూలు సామానా?

సమాధానం సులువే అనిపిస్తుంది. ఆవాహన చేస్తే వచ్చారు, ఉద్వాసన చెబితే వెళ్లారు. ఇక చెంబు మళ్లీ చెంబే, దాంతో నీళ్లు తాగినా పాపం లేదు. నేనూ ఇదే నమ్ముతాను. కానీ పాపం లేదు అనగానే బాధ్యత కూడా లేదు అనేసుకుంటాం, చిక్కంతా అక్కడే.

ఇంగ్లండులో పల్లె చర్చిల్లో బిడ్డలకి బాప్తిస్మం ఇచ్చే రాతి తొట్లు ఉంటాయి. కొన్ని ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్లనాటివి. అందులోని మంత్రించిన నీళ్లని చేతబడులకి ఎత్తుకుపోతున్నారనే భయంతో, 1236 ప్రాంతంలో తొట్లకి మూతలు పెట్టి తాళాలు వేయమని ఆర్చిబిషప్ ఆజ్ఞ ఇచ్చాడు. ఆ తాళాల కొక్కేల గుర్తులు చాలా తొట్ల అంచుల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. తర్వాత 17వ శతాబ్దంలో మత సంస్కరణల పేరుతో అవే తొట్లని బయట పారేశారు. కొన్ని పశువులు నీళ్లు తాగే తొట్లయ్యాయి, మన కుడితి తొట్టిలాగా. వాటిలో కొన్నిటిని ఎన్నో ఏళ్ల తర్వాత గుర్తుపట్టి మళ్లీ లోపలికి తెచ్చుకున్నారు. నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి, మరి దేన్ని తెచ్చుకున్నట్టు?

దీనికి జవాబు మన దగ్గరే ఉంది. చీరాల నుంచి బాపట్ల దాటి రేపల్లె వైపు వెళ్తే భట్టిప్రోలు. అక్కడి బౌద్ధ స్తూపం ఇటుకల్ని, పాలరాళ్లని 19వ శతాబ్దంలో రోడ్లకి, కాలువ పనులకి వాడేశారు. మిగిలిన దిబ్బలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వితే మూడు రాతి భరిణెలు దొరికాయి. ఒకదాని మీద, రెండు వేల ఏళ్లు దాటిన బ్రాహ్మీ అక్షరాల్లో, బుద్ధుడి ధాతువులు ఉంచడానికి ఆ రాతి పెట్టెనీ స్ఫటికపు భరిణెనీ చేయించినవాళ్ల పేర్లున్నాయి. కుర తండ్రి, కుర తల్లి, కుర, శివ. (బౌద్ధుల పెట్టె మీద శివ! మతాల మధ్య గోడలు మనం అనుకున్నంత పాతవి కావేమో.) అమ్మానాన్నలకి సొంత పేరు కూడా రాయలేదు చూడండి, కొడుకు పేరుతోనే చెప్పుకున్నారు.

లోపలి ధాతువుల్ని బయటికి తీసినా ఆ పేర్లు రాయిని వదల్లేదు. దేవుడికి ఉద్వాసన చెప్పగలం. ఇచ్చినవాళ్లకి చెప్పే మంత్రం ఏదీ లేదు. ఆ రాయిని కుడితి తొట్టి చేస్తే తక్కువయ్యేది బుద్ధుడు కాదు, కుర వాళ్లమ్మ.

అలాగని ప్రతిదీ దాచుకోమంటే రెండు గదుల ఫ్లాట్‌లో చోటెక్కడ? పాత దేవుడి పటాల్ని రావిచెట్టు కింద వదిలేసి రావడం మాత్రం నాకు నచ్చదు. అది గౌరవం కాదు, మనం తీసుకోవాల్సిన నిర్ణయాన్ని చెట్టు మీదకి తోసేయడం.

మన ఇళ్లల్లో ఇత్తడి చెంబుల మీద కూడా పేర్లుంటాయి, సారెలో పెట్టినప్పుడో బహుమతిగా ఇచ్చినప్పుడో చుక్కలు చుక్కలుగా కొట్టించినవి. పాత సామాను తూకానికి వేసేముందు ఒకసారి తిప్పి చూడండి. పేరుంటే ఎవరిదో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. తెలిశాక కూడా అమ్మాలనిపిస్తే అమ్మేయండి, అమ్మవారేమీ అనుకోరు.