ఇంటికి మనిషి రావాలి

విదేశాల్లో మన విలువల గురించి రాయమని మన ప్రవాసుల సంఘం సంచిక సంపాదకులు అడిగినప్పుడు నాకు మన ఊళ్ళలోని ఇళ్ళే ముందుగా గుర్తొచ్చాయి. మార్కాపురం, కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు, ఎక్కడైనా సరే, పిల్లలు బయటి దేశంలో ఉన్న ఇంటిని వీధిలోంచే పోల్చుకోవచ్చు. అరుగు ఉండాల్సిన చోట ఇనుప గ్రిల్లు, గేటుకు తాళం, గుమ్మం మీద కెమెరా. లోపల ఇన్వర్టరు, ఏసీ, నీళ్ళ మిషను, మంచం పక్కన బీపీ చూసుకునే మిషను. అన్నీ మనం ప్రేమతో కొనిచ్చినవే. ఆ ఇంట్లో ఉండేది ఒక పెద్దాయన, ఒక పెద్దామె. లేదంటే ఆ ఇద్దరిలో మిగిలిన ఒకరు.

మనం పంపిన వసతులు ఒంటికి సుఖం ఇచ్చాయి, కాదనను. కానీ ఇంటికి నలుగురు రావడానికి ఉన్న కారణాలను కూడా అవే ఒక్కొక్కటిగా తీసేశాయి. కరెంటు బిల్లు మనం ఇక్కడి నుంచే కడుతున్నాం, కాబట్టి బిల్లు కాగితం తీసుకుపోవడానికి ఎదురింటి పిల్లవాడు రాడు. గ్యాసు మనమే బుక్ చేస్తాం, మందులు నెలకు సరిపడా తెప్పించి పెడతాం. కెమెరా సంగతి వేరే చెప్పాలి. "వాళ్ళబ్బాయి అమెరికాలో కూర్చోని చూస్తా ఉంటాడంట" అన్న మాట వీధిలో పడితే చాలు, సాయంత్రం పూట వచ్చి గడప దగ్గర కూర్చునే పక్కింటామె రావడం తగ్గిస్తుంది. తన ఇంటి కష్టం చెప్పుకోవడానికి వచ్చే మనిషి ఆమె. కెమెరా ముందు కన్నీళ్ళు ఎవరు పెట్టుకుంటారు?

మన ప్రాంతపు కష్టం దీనికి తోడైంది. కరువు మనవాళ్ళను ఎప్పటి నుంచో ఊరు దాటిస్తూనే ఉంది. విదేశాలకు వచ్చినవాళ్ళం కొందరమే, హైదరాబాదుకు, బెంగళూరుకు పోయినవాళ్ళు చాలామంది. అందుకే మన అమ్మానాన్నల పక్కిళ్ళు కూడా తాళం వేసి ఉన్నాయి. ఇక నీళ్ళు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మన వైపు ఎన్నో ఊళ్ళ బోర్లలో అంతకు మించే ఉంటుంది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు వస్తాయని ఎదురుచూస్తూ దశాబ్దాల పాటు ఆ బోరు నీళ్ళే తాగిన తరం ఇప్పుడు డెబ్బై దాటింది. ఎముకలు బిగుసుకుపోయి, నడుము వంగి, మోకాళ్ళు మడత పడక వాళ్ళు వీధి చివరి దాకా కూడా పోలేకపోతున్నారు. దేశమంతటి పిల్లలకు పలకలు పంపిన మార్కాపురంలో ఆ రాతి పొడి పీల్చి ఆయాసంతో కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు మనుషుల దగ్గరకు పోలేరు. కాబట్టి మనుషులే వాళ్ళ దగ్గరకు రావాలి.

ఇది మనసుకు సంబంధించిన చిన్న వెలితి అనుకోవడానికి లేదు. ఒంటరితనం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషను 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దానివల్ల ఏటా 8 లక్షల 71 వేల మరణాలు సంభవిస్తున్నాయని అంచనా, అంటే గంటకు సుమారు వంద. గుండె జబ్బు, పక్షవాతం, మతిమరుపు, అన్నిటి ముప్పునూ అది పెంచుతుందని ఆ నివేదిక చెప్పింది. బీపీ మిషను పంపిన మనం ఈ మాట కూడా పట్టించుకోవాలి కదా.

ఫోను చేస్తున్నాం కదా అని మనం సర్దిచెప్పుకుంటాం. గిద్దలూరులో సాయంత్రం ఆరంటే న్యూజెర్సీలో ఉదయం ఏడున్నరో ఎనిమిదిన్నరో. దీపాలు పెట్టే ఆ వేళే ముసలివాళ్ళకు ఇల్లు బావురుమంటుంది. మనం ఆ వేళకు కారులో ఆఫీసుకు పోతూ ఫోను చేస్తాం. "తిన్నావా నాయనా, మందులేసుకున్నావా, సరే మళ్ళీ చేస్తా." ఈ మాటల్లో ఆయన చెప్పేదేమీ లేదు, మనం అడిగి తెలుసుకునేదీ లేదు. అదే ఆయన్ను ఒక పని అడిగి చూడండి. ఏ కార్తెలో ఏ పంట వేసేవారు, ఫలానా వాళ్ళతో మనకు చుట్టరికం ఎట్లా కలిసింది, చిన్నమ్మ కూతురి సంబంధం గురించి నీ మాటేంటి? గొంతు మారిపోతుంది. ఇంకా తన అవసరం ఎవరికో ఉందని తెలిస్తే మనిషి లేచి కూర్చుంటాడు.

జింబాబ్వేలో ఒక మానసిక వైద్యుడు, డిక్సన్ చిబాండా, దీన్ని బాగా పట్టుకున్నాడు. దేశంలో డాక్టర్లు చాలినంత మంది లేరు. అందుకని 2006లో హరారే నగరంలో పద్నాలుగు మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో చెక్క బల్లల మీద కూర్చోబెట్టాడు. దిగులుతో వచ్చినవాళ్ళు ఆ అవ్వల పక్కన కూర్చుని తమ గోడు చెప్పుకుంటారు. 2016లో అచ్చయిన పరిశోధనలో, మామూలు వైద్యం పొందినవాళ్ళ కంటే ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఎక్కువగా కోలుకున్నట్టు తేలింది. నాకు ఇందులో నచ్చింది ఆ అవ్వల స్థానం. వాళ్ళు జాలి పడాల్సినవాళ్ళుగా అక్కడ కూర్చోలేదు, ఊరికి మేలు చేసేవాళ్ళుగా కూర్చున్నారు. వేపచెట్టు కింద రచ్చబండ ఉన్న మన ఊళ్ళకు ఇది కొత్త విద్యేమీ కాదు.

ప్రభుత్వం తన వంతు కొంత చేస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధుల పింఛను నెలకు 4,000 రూపాయలు, ఒకటో తేదీన ఊరి సచివాలయం ఉద్యోగి ఇంటికే తెచ్చి ఇస్తారు. కొన్ని ఇళ్ళకు తప్పకుండా వచ్చే మనిషి ఆ ఒక్కరే. పిల్లలు చూడకపోతే 2007 నాటి చట్టం కింద ఆర్డీవో దగ్గర ఫిర్యాదు చేసుకోవచ్చు, 14567కు ఫోను చేస్తే వృద్ధులకు సలహా, సాయం దొరుకుతాయి. చట్టం భరణం ఇప్పించగలదు. పక్కన కూర్చుని మాట్లాడే మనిషిని మాత్రం మనమే చూడాలి.

ఇక్కడికి వచ్చిన అమ్మానాన్నల సంగతీ అంతే. విజిటరు వీసా మీద ఆరు నెలలు ఉందామని వచ్చి, కారు నడపడం రాక, వీధిలో మనిషి కనపడక, మనం ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చుంటారు. గుడికి తీసుకుపోవడం మంచిదే, కానీ అక్కడ కూడా వాళ్ళను వెనక వరుసలో కూర్చోబెడుతున్నాం. పిల్లలకు తెలుగు నేర్పే వారాంతపు బడిలో కథ చెప్పే గంట వాళ్ళకివ్వండి. ఉగాది పచ్చడి ఎట్లా కలపాలో వాళ్ళనే చెప్పనివ్వండి.

ఈసారి ఊరికి పోయినప్పుడు ఇంకో మిషను కొనకుండా ఒక పూట వీధిలో తిరుగుదాం. ఎదురింటి పిల్లవాణ్ణి పిలిచి, "నువ్వు రోజూ వచ్చి మా నాయన దగ్గర లెక్కలు చెప్పించుకో" అని అడుగుదాం. పక్కింటామె వస్తానంటే గుమ్మం మీది కెమెరాను గేటు వైపు తిప్పుదాం. గ్రిల్లు బయట నలుగురు కూర్చునేంత నాపరాయి అరుగు కట్టిద్దాం. మన సంఘం ఏటా ఊళ్ళకు పంపే డబ్బులో కొంత, గదులు కట్టడానికి కాకుండా, నడవలేని పెద్దలను వారానికి ఒకసారి ఒకచోట చేర్చే ఆటో కిరాయికి, కాఫీకి కేటాయించాలని సభ్యులందరినీ కోరుతున్నాను. దయచేసి వచ్చే సమావేశంలోనే ఈ మాట తీసుకురండి.