బరువు పెంచే ముందు

ఎలక్ట్రిక్ గిటారుకు సన్న తీగలు తీసి లావు తీగలు వేస్తే నాదం నిండుగా వస్తుంది. కాని అదే శ్రుతి నిలవాలంటే వాటిని మరింత బిగించాలి. 9 నంబరు సెట్టు ఆరు తీగలూ కలిసి లాగే బలం సుమారు 38 కిలోలు. 10 నంబరుకు సుమారు 46. ఆ లాగుడుకు మెడ వంగుతుంది, తీగలు పైకి లేస్తాయి, పై మెట్లలో స్వరం తప్పుతుంది. కనుక మెడలోని ఇనుప కడ్డీని పావు చుట్టుకు మించకుండా తిప్పి, చెక్క సర్దుకునేదాకా ఆగాలి. ఆ తరువాతే బ్రిడ్జి దగ్గర స్వరం సరిచేయాలి.

మరి మనుషుల మాటేమిటి? మన అనంతపురం సీమలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుశనగ ఎండిన ఏడు తల్లిదండ్రులు బెంగుళూరు కూలికి పోతే ఇంటి భారం పెద్దబిడ్డ మీద పడుతుంది. మార్కులు తగ్గితే బద్ధకమంటాం. అది స్వరం తప్పిందని గిటారును తిట్టడమే.

బరువు వేసింది కరవు, మన తప్పేమిటి అనవచ్చు. నిజమే, కాని ఆసరా ఇవ్వడం మన చేతిలోని పని. "ఓర్చుకో తల్లీ" అనడం ఆసరా కాదు, అది ఇంకొంత బిగించడమే. కడ్డీనైనా బలవంతంగా తిప్పితే తెగుతుంది.

ప్రియ పాఠకులారా, మీ వీధిలో అలాంటి బిడ్డ ఉంటే బుద్ధి చెప్పే ముందు ఆమె చేతిలోని నీళ్ల బిందె అందుకోండి.