గండి పూడ్చు చెయ్యి



పటాన్‌చెరు ప్రాంతమున ఒక కర్మాగారములో పనికి పోవు చిట్కుల్ యువకుడొకడు ఆరాధన ముగిసిన పిమ్మట నన్ను ఇట్లడిగెను: "అయ్యగారూ, దేహములో చెడినదానిని దేహమే బాగుచేసికొనునని బడిలో చదువుకొంటిని. అట్లయితే ఈ పొగకు, ఈ నీళ్లకు మనము ఇంతగా భయపడనేల?"

ప్రశ్న మంచిదే. అయితే దాని వెనుక మరియొక ప్రశ్న కలదు. బాగుచేయు శక్తి యున్నది గదా యని చెరుపుటకు మనకు సెలవు దొరుకునా?

మొదట అతడు చదివినది ఎంతవరకు నిజమో చూతము. మన దేహమందలి దాదాపు ప్రతి కణములోను డి.ఎన్.ఎ. అను రెండు పోగుల త్రాడు కలదు. దానిమీద నాలుగే అక్షరములు: ఎ, టి, జి, సి. ఒక పోగులో ఎ యున్నచోట ఎదుటి పోగులో టి యుండును. జి యున్నచోట సి యుండును. ఏ విషమును తగలకపోయినను, దేహములోని వేడిమికిని నీటికిని ఈ అక్షరములు ఊడిపోవుచుండును. ఒక్క కణములో దినమునకు సుమారు 10,000 అక్షరములు ఇట్లు పోవునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఈ నష్టమును కణము ఎట్లు సరిచేసికొనునో కనుగొన్నందుకే 2015లో థామస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్ అను ముగ్గురికి నోబెల్ బహుమానము లభించెను.

ఆ పనివారిలో ఒకటి డి.ఎన్.ఎ. పాలిమరేజ్ బీటా అను ఎంజైము. మానవులలో ఇది 335 అమైనో ఆమ్లముల గొలుసు. 1994లో ఎలుక ఎంజైము రూపమును, 1997లో గండిపడిన త్రాడును పట్టుకొనియున్న మానవ ఎంజైము రూపమును ఎక్స్‌రే కిరణముల సహాయముతో తేటగా చూపిరి. ఆ రూపమును శాస్త్రజ్ఞులు చేతితో పోల్చుదురు. అరచెయ్యి, బొటనవ్రేలు, వ్రేళ్లు అనియే దాని భాగములకు పేళ్లు పెట్టిరి. దానిని ఆనుకొని మరియొక చిన్న భాగము కలదు. చెరువు కట్టకు గండి పడినప్పుడు మొదట వదులు మట్టిని తీసివేసి, పిమ్మట క్రొత్త మట్టి వేయుదుము గదా. ఈ ఎంజైమును అట్లే చేయును. చిన్న భాగము గండి అంచున మిగిలిన పాడు ముక్కను తీసివేయును. పెద్ద భాగము త్రాడును గండియొద్ద దాదాపు 90 డిగ్రీలు వంచి పట్టుకొని, తగిన అక్షరము వచ్చినప్పుడు మూసికొని, దానిని అమర్చును. ఆ పిమ్మట లైగేజ్ అను మరియొక ఎంజైము ముడివేయును.

ఇక్కడ గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. ఏ అక్షరము వేయవలెనో ఆ చేతికి తనంతట తాను తెలియదు. చెడక నిలిచిన ఎదుటి పోగును బట్టియే అది అక్షరమును వేయును. ఆ పోగును అదే చోట చెడినయెడల చేతికి మాదిరి లేదు.

ఆ చేతికి అలసటయు కలదు. మనకు దగ్గరనే యున్న హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఆచార్య కల్లూరి సుబ్బారావు గారు అనేక సంవత్సరములు ఈ విషయమునే పరిశోధించిరి. ఆయనయు సహచరులును 2005లో ప్రకటించిన పరిశోధనలో, ముసలి ఎలుకల మెదడు కణముల సారములో గండి పూడ్చు శక్తి తగ్గియుండెననియు, ఈ ఎంజైమును లైగేజును చేర్చగా ఆ శక్తి తిరిగి వచ్చెననియు చూపిరి.

కాబట్టి ఆ యువకునికి మొదటి ఉత్తరమిది. దేహము బాగుచేసికొనుట నిజమే. కాని ఆ శక్తికి మేర కలదు. దినదినము సహజముగా కలుగు నష్టమే దానికి చాలినంత పని. దానిమీద మనము మరికొంత మోపుట న్యాయము కాదు. క్షమాపణ దొరుకును గదా యని తప్పు కొనసాగింపవచ్చునా అను ప్రశ్నను పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో ఎత్తి, కూడదని తేల్చెను. మన దేహమును ఆ మాటనే చెప్పుచున్నది.

రెండవ ఉత్తరము మన ఊరిది. ఈ ప్రాంతపు కర్మాగారముల మురికినీరు నక్కవాగులోనికి, దానినుండి మంజీరలోనికి పోవుటను గూర్చి 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేయబడెను. పంట నష్టపోయిన రైతులకు పరిహారము ఇప్పించు ఉత్తరువులును అందులో వెలువడెను. వాగు చెడినదని న్యాయస్థానమునకు తెలియుటకు, అది పూర్వమెట్లుండెనో ఎరిగినవారు కావలెను గదా! ఆ నీటితో పొలము పారించినవారు, అందులో పశువులను కడిగినవారు, నిజమును దాచక చెప్పువారు, వీరే ఊరికి చెడక నిలిచిన పోగు. వీరు మౌనము వహించినను, జీతమునకో భయమునకో మాట మార్చినను, బాగుచేయ వచ్చినవారికి మాదిరి యుండదు. చెడిన నీరే ఎప్పటినుండియు ఉన్న నీరని మన పిల్లలు నమ్ముదురు.

నెహెమ్యా యెరూషలేమునకు వచ్చి మొదట గోడ కట్టలేదు. రాత్రివేళ కొద్దిమందితో తిరిగి, ఎక్కడెక్కడ పడిపోయెనో కన్నులార చూచెను. పిమ్మట అనేకులు తమతమ యిండ్లకు ఎదురుగా నున్న భాగమును బాగుచేసిరని మూడవ అధ్యాయములో చదువుచున్నాము. చూచిన నష్టమును ఒప్పుకొనుట ముందు, రాయి మోయుట తరువాత.

ఆ యువకుడు, "నేను ఒక్కడినే ఏమి చేయగలను?" అనెను. పనిలో చూచినది చూచినట్లు చెప్పుము, మన యింటి చెత్త చెరువులో పడకుండ చూడుము, మీ తాతను అడిగి ఆ వాగు నీరు ఒకప్పుడు ఎట్లుండెనో వ్రాసికొనుమని చెప్పితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "తాతకు ఇప్పుడు ఎనుబది యేండ్లు, అయ్యగారూ, ఈ సాయంకాలమే అడిగెదను" అని యింటికి పోయెను.