ఆకాశదీపము

ఇంట బియ్యము నిండుకొన్నవాడు ఆకాశదీపము వెలిగింపవచ్చునా? మన దేశము రాకెట్టులకును ఉపగ్రహములకును ధనము వెచ్చించినప్పుడెల్ల ఈ ప్రశ్న వినబడుచుండును. దీనిని అజ్ఞుల మాటయని త్రోసిపుచ్చరాదు. కప్పులేని బడియు, వైద్యుడు లేని పల్లెయు ఉన్నంతకాలము ఇది న్యాయమైన ప్రశ్నయే.

1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విఱుచుకుపడి, పదివేలకు తక్కువగాకుండ జనులను బలిగొన్నది. మేఘముల నెడతెగక కనిపెట్టియుండు ఉపగ్రహము నాటికి మనకు లేదు. ఆర్యభట 1975లోనే సోవియట్టు రాకెట్టుపై నెక్కి కక్ష్యను జేరినను, అది శాస్త్రపరీక్షలకై చేసినది. 1983లో ఎగసిన ఇన్సాట్-1బి తోడనే ఆ కొఱత తీరనారంభించెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును ఛిన్నాభిన్నము చేసినప్పుడు, తీరవాసులను ముందుగనే తరలించుటచేత ప్రాణనష్టము దివిసీమతో పోల్చరానంత స్వల్పమయ్యెను. కావున ఆకాశమునకై వెచ్చించిన ధనమంతయు పేదవాని నోటికూడు తీసినదనుట సత్యము గాదు. అయితే ఒక మాట మఱువరాదు. తుపానును చూచినది ఉపగ్రహము. తలుపు తట్టి జనులను లేపినవారు మనుష్యులు.

ఇపుడు ఉపగ్రహములు చిన్నవగుచున్నవి. వానిని నిర్మించువారి సంఖ్య పెరుగుచున్నది. 2022 నవంబరు 18న హైదరాబాదులోని స్కైరూట్ సంస్థవారి విక్రమ్-ఎస్ శ్రీహరికోటనుండి ఎగసెను. మన దేశమున ప్రైవేటు సంస్థ నిర్మించి యెగురవేసిన మొదటి రాకెట్టు అదియే. ఎనిమిది దినములకు ఆ నగరమువారే యగు ధ్రువ స్పేస్ సంస్థ నిర్మించిన థైబోల్ట్ ఉపగ్రహములు రెండు కక్ష్యను జేరినవి. అవి అరచేత నిలుచునంతటివి. ఆ యేడు ఆగస్టులో, 75 ప్రభుత్వ పాఠశాలల బాలికలు 750 మంది చేయివేసిన ఆజాదీశాట్, రాకెట్టు సరియైన కక్ష్యలో విడువలేకపోవుటచే వ్యర్థమయ్యెను. వెంటనే రెండవదానిని సిద్ధపఱచిరి. 2023 ఫిబ్రవరి 10న అది కక్ష్యను జేరెను. ఆడుపిల్లకింత చదువెందులకని యడుగు పెద్దలు ఈ సంగతిని ఒకమాఱు ఆలోచింతురు గాక.

అయినను మొదటి ప్రశ్నకు సమాధానము పూర్తికాలేదు. కామారెడ్డి జిల్లాలో, మహారాష్ట్ర పొలిమేరకు దగ్గఱగా డోంగ్లి యను గ్రామము కలదు. విక్రమ్ ఎగసిన 2022లోనే అది మండలకేంద్రమయ్యెను. ఆ ప్రాంతపు రైతు నల్లరేగడిలో సోయా, మినుము, కంది విత్తి మబ్బువంక చూచును. 2025 ఆగస్టు చివర ఆ జిల్లాలో కుంభవృష్టి కురిసి పొలములను త్రోవలను ముంచెత్తినది. ఏ చేనిపై ఎంత వాన పడునో ఉపగ్రహము ముందుగా చెప్పజాలదు. కాని మునిగిన పైరు ఎన్ని యెకరములో పైనుండి కనిపెట్టు శక్తి నేటి ఉపగ్రహములకు గలదు. ఆ చిత్రము ముందుగా ఎవరి చేతికి రావలెను? రుసుము చెల్లింపగల వర్తకునికా, నష్టపరిహారమునకై కచేరీ మెట్లెక్కు రైతునకా? ఉపగ్రహము అమ్మకపు సరకగుచున్న యీ దినములలో ఈ ప్రశ్న నిప్పుడే తేల్చుకొనవలెను.

మఱియొక ఋణమును గలదు. శ్రీహరికోట దీవి యానాదులకు తరతరముల నెలవు. 1969లో రాకెట్టు కేంద్రమునకై ఆ దీవిని ఎన్నుకొనిన పిదప, వారు తమ యడవిని విడిచి రావలసివచ్చెను. మన గగనయాత్రకు తొలి సుంకము చెల్లించినవారు వారే. వారి బిడ్డలలో ఎందఱు నేడు ఆ కేంద్రములోనికి శాస్త్రజ్ఞులై అడుగిడగలరో యోచించినచో, మనము తీర్చిన దెంతయో తీర్పవలసిన దెంతయో తెలియును.

పేదవాడు ఆకాశదీపము వెలిగింపవచ్చును. తుపాను రాత్రి దాని యక్కఱ మేడలోనివానికంటె గుడిసెలోనివానికే యెక్కువ. కాని ఆ దీపమునకు చమురు అందఱి యింటినుండియు పోసితిమి. యానాదులు తమ నేలనే యిచ్చిరి. దాని వెలుగు డోంగ్లి రైతు గట్టుపైనను, యానాది గుడిసె ముంగిటను పడునట్లు చేయుట మన కర్తవ్యము. ఆ పని చేసిననాడు బియ్యము మాట యెత్తినవానికి మనము తలవంపక బదులు చెప్పగలము.