తెర ముందు కార్చే కన్నీరు కరుణ అవుతుందా?





ధమ్మ పుస్తకంలో సినిమా గురించి ఎందుకని కొందరు అడగవచ్చు. మనం విహారంలో కూర్చునేది వారానికి ఒక గంట. తెర ముందు కూర్చునేది ప్రతి రోజూ. ప్రేమంటే ఏమిటో, ప్రేమ పోతే మనిషి ఏమైపోవాలో మన పిల్లలు ఎక్కువగా ఆ తెర దగ్గరే నేర్చుకుంటున్నారు. కాబట్టి ఈసారి దాని గురించే మాట్లాడుకుందాం.

కిందటి ఏడాది వర్షావాసంలో ఒక శనివారం రాత్రి మా ఇంట్లో అందరం కలిసి 'దేవదాసు' చూశాం. 1953లో వచ్చిన సినిమా. అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించారు. శరత్ చంద్ర 1917లో అచ్చు వేసిన బెంగాలీ నవల దానికి మూలం. మా అమ్మ చిన్నతనంలో వాడ ఆడవాళ్ళతో కలిసి నడిచి వెళ్ళి, టూరింగ్ టాకీసులో నేల టికెట్టు మీద కూర్చుని చూసిందట. "అప్పుడూ ఏడ్చాను, ఇప్పుడూ ఏడుస్తాను చూడు" అని ముందే చెప్పి కూర్చుంది.

కథ మీకు తెలిసిందే. జమీందారు కొడుకు దేవదాసు, పొరుగింటి పార్వతి చిన్నప్పటి నుంచీ ఒకరంటే ఒకరికి ప్రాణం. అంతస్తు కలవదని దేవదాసు తండ్రి కాదంటాడు. పార్వతిని ఎదిగిన పిల్లలున్న ముసలి జమీందారుకు రెండో పెళ్ళి చేసి పంపేస్తారు. దేవదాసు తాగుడులో పడతాడు. చివరికి పార్వతికిచ్చిన మాట కోసం ఆమె ఊరు వెళ్ళి, ఆమె ఇంటి ముందే ప్రాణం వదులుతాడు. సంగతి తెలిసి పార్వతి పరుగెత్తుకొస్తుంది. గేటు మూసేస్తారు.

అందరం ఏడ్చాం. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. అక్క లోపలికెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది. నేను మగవాణ్ణి కదా, కళ్ళజోడు తుడుచుకున్నాను. కదలకుండా కూర్చున్నది మా మేనకోడలు ఒక్కతే.

"నీకు ఏడుపు రాలేదా అమ్మాయ్?" అని అడిగింది అమ్మ.

"వచ్చింది అమ్మమ్మా. కానీ ఒక మాట అడుగుతాను. ఆ గేటు ఎందుకు వేశారు?"

"ఎందుకేమిటే, పరువు పోతుందని."

"మరి మనింట్లో గేటు ఎందుకు వేశారు మావయ్యా?" అని నావైపు తిరిగింది.

ఎవరం మాట్లాడలేదు. అక్క టీవీ ఆపేసింది.

అసలు సంగతి ఇది. మా మేనకోడలు ఆసుపత్రిలో నర్సు. అక్కడే ల్యాబులో పనిచేసే అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానని అప్పటికి ఆరు నెలల ముందే చెప్పింది. అబ్బాయి తాగడు. వాళ్ళదీ దీక్ష తీసుకున్న కుటుంబమే. వాళ్ళింట్లోనూ బుద్ధుని పటం, బాబాసాహెబ్ పటం ఉన్నాయి. మరి అడ్డమేమిటి? మేము మాలలం, వాళ్ళు మాదిగలు. అంతే. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. కానీ రాయకపోతే మిగతా మాటలన్నీ ఉత్తవవుతాయి.

మేమెవరం "వద్దు" అనలేదు. "చూద్దాం" అన్నాం. ఆరు నెలలూ చూస్తూనే ఉన్నాం. "వద్దు" అంటే పిల్ల ఎదురు చెప్పగలదు, పోట్లాడగలదు. "చూద్దాం" అంటే ఏం చెప్తుంది? అది చప్పుడు కాకుండా వేసే గేటు. ఆ గేటు వేసిన చేత్తోనే ఆ రాత్రి నేను కళ్ళు తుడుచుకున్నాను.

అప్పుడు నన్ను పట్టుకున్న ప్రశ్నే ఈ వ్యాసం పేరు. ఆ కన్నీరు ఏమిటి? కరుణేనా?

ముందు ఒకటి ఒప్పుకోవాలి. కన్నీరు తప్పు కాదు. ఇంకొకరి దుఃఖం చూసి గుండె కదలడం దగ్గరే కరుణ మొదలవుతుంది. అసలు గుండె కదలని మనిషికి ధమ్మం చెప్పి లాభం లేదు. పొద్దంతా పొలంలో నడుము వంచి వచ్చిన మా అమ్మ, ఒక జమీందారు కొడుకు కోసం ఏడ్చింది. అతని వర్గం ఆమెది కాదు, అతని ఇంటి అరుగు ఎక్కే హక్కు కూడా ఆ రోజుల్లో ఆమెకు ఉండేది కాదు. అయినా ఏడ్చింది. మనిషి మనసు కులం గోడ దాటగలదని చెప్పడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

కానీ కరుణ అక్కడితో ఆగదు. ఎదుటివాని దుఃఖం పోవాలని కోరుకోవడం, దానికి చేయగలిగింది చేయడం కరుణ. తెర ముందు మనం చేయగలిగింది ఏమీ లేదు. లేచి వెళ్ళి ఆ గేటు తీయలేం. అందుకే ఆ ఏడుపు అంత హాయిగా ఉంటుంది. ఏడ్చినందుకు మనల్ని ఎవరూ ఏమీ అడగరు. సినిమా అయిపోయాక గుండె తేలికపడుతుంది, "నాకూ మంచి మనసుంది" అన్న తృప్తి మిగులుతుంది. ఆ తృప్తితోనే పడుకుంటే అది కరుణ కాలేదు, మన మనసును మనమే ముద్దు చేసుకోవడం అయింది.

రెండో సంగతి. మనం "అమర ప్రేమ" అని మెచ్చుకుంటున్నది దేన్ని? దేవదాసులో ప్రేమ తక్కువై కాదు పార్వతి జీవితం పాడయింది, ధైర్యం తక్కువై పాడయింది. ఆడపిల్ల అయి ఉండి అర్ధరాత్రి అతని దగ్గరికి వచ్చి తన మనసు చెప్పింది పార్వతి. ఆ ఒక్క రోజు తండ్రి ముందు నిలబడలేకపోయాడు దేవదాసు. పట్నం పోయి ఉత్తరం రాశాడు. ఆ తర్వాత ఎంత తాగినా, ఎంత కుమిలినా, పార్వతి కష్టం వీసమెత్తు తగ్గిందా? ధమ్మంలో వీర్యమనే పారమిత ఉంది. చేయవలసిన మంచిని వెనుకాడకుండా చేసే శక్తి అది. వీర్యం లేని ప్రేమ తణ్హగా మారుతుంది. దొరకనిదాన్ని వదలలేక పట్టుకుని, తనను తానే కాల్చుకోవడం తణ్హ. చావుదాకా వదలకపోవడం చేత మాత్రమే అది గొప్పదైపోదు.

మన వాడల్లో ఈ కథ ఎలా నడుస్తుందో మీకు తెలియనిది కాదు. అమ్మాయికి వేరే సంబంధం ఖాయమైతే కుర్రాడు సీసా పట్టుకుంటాడు. "వాడు దేవదాసు అయిపోయాడ్రా" అని స్నేహితులు కూడా గొప్పగానే చెప్పుకుంటారు. జమీందారు కొడుకు తాగితే ఎస్టేటు కరుగుతుంది. మన కుర్రాడు తాగితే తల్లి కూలి డబ్బులు కరుగుతాయి. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్న ప్రతిజ్ఞ ఊరికే లేదు. ప్రేమ పేరు చెప్పినా మద్యం మద్యమే.

అయితే బుద్ధుడు ప్రేమించవద్దన్నాడా? భార్యాభర్తల మధ్య నిలిచే ప్రేమ ఆయనకు తెలియదా? తెలుసు. నకులపిత, నకులమాత అనే దంపతుల కథ అంగుత్తర నికాయంలో ఉంది. భగ్గ దేశంలో సుంసుమారగిరి దగ్గర ఉండేవారు. ఒకనాడు ఇద్దరూ బుద్ధుని ముందు ఒకే మాట చెప్పారు. పెళ్ళయిన నాటి నుంచీ ఒకరి పట్ల ఒకరం మనసులో కూడా తప్పు నడవలేదు, ఈ జీవితంలోనూ రాబోయే కాలంలోనూ ఒకరినొకరం చూసుకుంటూ ఉండాలని ఉంది అన్నారు. బుద్ధుడు వాళ్ళను కసురుకోలేదు, అది మోహమని తోసిపుచ్చలేదు. ఇద్దరికీ శ్రద్ధ, శీలం, త్యాగం, ప్రజ్ఞ సమానంగా ఉండాలని చెప్పాడు. రాబోయే జన్మ అన్న మాట దగ్గర మనలో కొందరు ఆగుతారు. ఒక ఆత్మ ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి పోతుందన్నదాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. ఆ చర్చ ఇంకోసారి చేద్దాం. ఇక్కడ బుద్ధుడు ఇచ్చిన జవాబు చూడండి. ప్రేమ నిలవాలంటే జాతకం కలవాలనలేదు, అంతస్తు కలవాలనలేదు, కులం కలవాలనలేదు. నాలుగు గుణాలు కలవాలన్నాడు.

ఇంకోసారి నకులపితకు పెద్ద జబ్బు చేసింది. చచ్చిపోతాడేమో అనిపించింది. అప్పుడు నకులమాత మంచం పక్కన గుండెలు బాదుకోలేదు. దిగులుతో ప్రాణం వదలవద్దని చెప్పింది. నువ్వు పోతే పిల్లల్ని ఎలా సాకుతానో అని బెంగ పెట్టుకోకు, నాకు పత్తి వడకడం వచ్చు, ఉన్ని దువ్వడం వచ్చు, ఇల్లు నడుపుతాను అంది. నా శీలం గురించీ, ధమ్మంలో నా నడక గురించీ బెంగ పెట్టుకోకు అంది. ఆ మాటలతో అతని మనసు కుదుటపడింది, జబ్బు తగ్గింది. తర్వాత కర్ర ఊతంతో వచ్చిన నకులపితతో, నీ మేలు కోరే ఇటువంటి భార్య దొరకడం నీ అదృష్టమని బుద్ధుడు చెప్పాడు.

ఈ రెండు చావు మంచాలూ పక్కపక్కన పెట్టి చూడండి. దేవదాసు ప్రేమ తన బాధను తెచ్చి పార్వతి ఇంటి ముందు పడేసింది. నకులమాత ప్రేమ ఎదుటివాని గుండె మీది బరువు దించింది. మొదటిది మనల్ని ఏడిపిస్తుంది. రెండోదాని మీద ఎవరూ సినిమా తీయరు. కానీ మన ఇళ్ళలో కూలికి పోయి, మొగుడు మంచాన పడితే మందులు తెచ్చి, పిల్లల్ని బడికి పంపిన మన అమ్మలందరిదీ ఈ రెండో ప్రేమే. 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ చెప్పింది కూడా ఇదే దారి. ప్రేమ ఒక్కటే చాలదు, అంతకంటే విశాలమైన మైత్రి కావాలని ఆయన బోధించారు. నాది అన్నచోట ఆగిపోనిది మైత్రి.

మైత్రి అనగానే మళ్ళీ ఆ గేటు దగ్గరికే రావాలి. దేవదాసు, పార్వతి ఒక్క తమ తప్పుల వల్లే విడిపోలేదు. ఇంట్లో పెద్దలు విడదీశారు. ఆ పెద్దలు దుర్మార్గులు కారు. పరువుకు భయపడినవాళ్ళు. అచ్చం మాలాంటివాళ్ళు. బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పారు, కులం పోవడానికి అసలు మందు కులాంతర వివాహమని, రక్తం కలిస్తేనే మేమంతా ఒకటి అన్న భావన పుడుతుందని. కులాంతర పెళ్ళిళ్ళ పేరిట పిల్లలను చంపిన వార్తలు చదివి మనం ఊరేగింపులు తీస్తాం. తీయాలి కూడా. కానీ అగ్రకులం తన గేటు తీయాలని అడిగే మనం, మన మధ్య ఉన్న గేటు తీశామా? దీక్ష తీసుకున్నాక మాల ఎక్కడ, మాదిగ ఎక్కడ అని వేదిక మీద నేను ఎన్నిసార్లు చెప్పానో! ఇంట్లో మాత్రం "చూద్దాం" అన్నాను. పెద్ద మెట్టు మీదివాడు మనల్ని తొక్కాడని ఏడుస్తూ, మనకంటే కింద ఒక మెట్టు ఉందనుకుని దాన్ని కాపాడుకోవడమే కులం చేసే మాయ.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి ఆదివారం విహారంలో వందన అయ్యాక అక్కను వెంటబెట్టుకుని ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ నాన్న తలుపు తీసి కాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు. తర్వాత "రండన్నా, కూర్చోండి" అన్నాడు. టీ తాగాం. ఆయనా ఒక మాట దాచుకోలేదు. "మీవాళ్ళు మా పిల్లాణ్ణి తక్కువగా చూస్తారని మా భయం" అన్నాడు. కాదని వెంటనే అనలేకపోయాను, ఆరు నెలలుగా నేను చేసింది అదే కదా. "ఆ తప్పు నాదే" అన్నాను. ఆ మాట అన్నాక ఇద్దరికీ మాట్లాడుకోవడం సులువైంది.

పెళ్ళి ఇంకా ఖాయం కాలేదు. మా అమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది. వాళ్ళ బంధువుల్లోనూ గొణిగేవాళ్ళున్నారు. కానీ తలుపులు ఇప్పుడు తెరిచి ఉన్నాయి.

కాబట్టి సినిమాలు చూడండి, ఏడుపొస్తే ఏడవండి. సినిమా అయిపోయాక టీవీ ఆపి, ఒక్క ప్రశ్న వేసుకోండి. నేను ఇప్పుడు ఎవరి కోసం ఏడ్చానో, అటువంటివాళ్ళు నా ఇంట్లో, నా వాడలో ఎవరైనా ఉన్నారా? వాళ్ళ ముందు గేటు పట్టుకుని నిలబడ్డది నేను కాదు కదా? జవాబు దొరికితే, తెల్లవారాక వెళ్ళి ఆ గేటు తీయండి. అప్పుడు ఆ కన్నీరు కరుణ అవుతుంది.

జై భీమ్! నమో బుద్ధాయ!