నూరు శరత్తులు

మాధ్యాహ్నిక సంధ్యలో సూర్యోపస్థానము చేయువాడు ఆదిత్యుని నూరు శరత్తులు యాచించును. ఆ యాచనలో నొక క్రమము కలదు. మొదట అడుగునది చూపు. నూరేండ్లు ఆ దేవుని చూడవలెను. పిదప నూరేండ్లు జీవింపవలెను. ఆపై ఆనందింపవలెను, వినవలెను, పలుకవలెను, ఓటమి నెరుగక యుండవలెను. బ్రతుకునకు ముందు చూపును నిలిపిన ఋషి హృదయము గ్రహింపదగినది. చరక మహర్షియు ఆయుస్సును ఏండ్ల లెక్కతోనే వదలక సుఖాయువు, దుఃఖాయువు, హితాయువు, అహితాయువు అని వేరుపరచెను. రోగబాధ లేక, బలముతో, తన పని తాను చేసికొనగల జీవితమే సుఖాయువు.

ఏండ్లను, ఆ ఏండ్లలోని సుఖమును కూడ హరించు వ్యాధి మధుమేహము. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన పరిశీలన ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైబడిన జనులకు ఈ వ్యాధి యున్నది. అదే యేట 19 సంపన్న దేశముల వివరములతో మరియొక పరిశోధన వెలువడెను. అమెరికా మరణముల లెక్కన, 30వ యేట ఈ వ్యాధి బయటపడినవారు ఇతరుల కంటె సగటున 14 ఏండ్లు, 40వ యేటనైన 10 ఏండ్లు, 50వ యేటనైన 6 ఏండ్లు ముందుగ మరణించుచున్నారట. ఇవి సగటులు, ఎవరి నుదుటి వ్రాతయు కాదు. అయినను పోయిన ఏండ్ల కంటె మిగిలిన ఏండ్ల దైన్యమే పెద్దది. నెత్తుటిలో మితిమీరిన చక్కెర సన్నని నాళములను, నరములను చెరచును. కన్ను మసకబారును, మూత్రపిండములు అలసిపోవును, పాదము స్పర్శ కోల్పోవును.

స్వర్ణముఖి శ్రీకాళహస్తీశ్వరుని సన్నిధిని దాటి, కడలిని చేరబోవు చోట వాకాడు ఉన్నది. నెల్లూరు సీమ వరికి పేరు గన్నది. అన్నప్రాశనము మొదలు పితృకార్యము వరకు ఇచట వరియన్నమే. తాతలు ఈ యన్నమే తిని సుఖముగ నుండిరి గదా యందురు. నిజమే. కాని తాతలు నాగలి పట్టిరి, కొడవలి పట్టిరి. నేడు దుక్కికి ట్రాక్టరు, కోతకు యంత్రము వచ్చినవి. విస్తరిలోని అన్నపురాశి మాత్రము తగ్గలేదు.

దేవుని ప్రసాదము కీడు చేయదని రెండు దొప్పల చక్కెర పొంగలి ఆరగించు భక్తులు ప్రతి యాలయమునను కలరు. వారు చరకుని నిదానస్థానమును వినవలెను. దక్షయజ్ఞము చెడిన వేళ రోగములు పుట్టిన తీరును చెప్పుచు, మేహమునకు హవిస్సును భుజించుటయే కారణమని ఆయన నుడివెను. సాక్షాత్తు హవిస్సునకే లేని మినహాయింపు పొంగలికి ఎచటిది? మెతుకంత తీసికొని కన్నుల కద్దుకొనిన చాలును. వలదన్నవానిని బలవంతపెట్టుట భక్తి కాదని వడ్డించువారును ఎరుగవలెను.

సుశ్రుతుడు ఈ రోగికి విధించిన చికిత్స విచిత్రముగ తోచును. ధనహీనుడు గొడుగు, చెప్పులు లేక, ముని వలె ఊరూరు తిరుగుచు నూరు యోజనములకు మించి నడువవలెను. లేదా బావులు త్రవ్వవలెను. దేహశ్రమయే దీనికి మందని నాడే గుర్తించిరి. చెప్పుల విషయమున మాత్రము నేటి వైద్యుల మాటయే వినదగును. స్పర్శ నశించిన అరికాలికి మండు వేసవిలో ప్రాకారపు బండ కాలుచున్న సంగతి తెలియదు. సాయంకాలము బొబ్బ కానవచ్చును, అది పుండగును, ఒక్కొక్కప్పుడు కాలు తీయవలసి వచ్చును. అట్టివారు ప్రదక్షిణములు వేకువనే ముగింపవలెను. ఆలయము ముంగిట కాళ్లు కడుగుకొనుట మన ఆచారమే గదా. కడుగునపుడు అరికాలిని తిప్పి చూచుకొనిన పుణ్యమునకు లోటు రాదు.

ఏకాదశి నాడు మందు వేసికొని, ఇన్సులిన్ తీసికొని, అన్నము మానినవారికి చక్కెర హఠాత్తుగ పడిపోయి చెమట, వణకు, మతిభ్రంశము కలుగును. అది ప్రాణాంతకము కూడ కావచ్చును. వ్రతమును చెరపనివి ఎనిమిదని ధర్మశాస్త్రము. వానిలో నీరు, పండు, పాలతోబాటు ఔషధమును ఉన్నది. ఉపవాసమునకు ముందు వైద్యుని అడుగుట శాస్త్రసమ్మతమే.

ఇక ఋషి మొదట కోరిన చూపు. రెటీనా యను కంటిపొర తొలుత చెడునపుడు నొప్పి యుండదు, చూపును తగ్గదు. అందుచే చక్కగ కనబడుచున్నప్పుడే ఏటేట కంటి వైద్యునిచే ఆ పొరను చూపించుకొనవలెను. సకాలమున పట్టుబడినచో లేజరు చికిత్సతో చాలమందికి చూపు నిలుచుచున్నది.